మహానంది గరుసు బాట

రాజుల చరిత్రమునకు శాసనములు గలవు. దేవాలయములకు స్థలపురాణములు గలవు. పల్లెబాటకు చరిత్రమేమున్నదని చదువరులు నవ్వవచ్చును. కాని ఒక గ్రామము చెల్లించిన పన్ను ఏమైనదో, ఆ గ్రామము మాటకు ఎంత విలువ యుండెనో తెలిసికొనగోరువారికి ఆ యూరి బాటను మించిన సాక్ష్యము లేదు.

నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, నల్లమల కొండల పాదమున మహానంది క్షేత్రము వెలసియున్నది. కోనేటిలో ఊరెడు నీరు ఏడాది పొడుగునను పారుచు, దిగువనున్న వరిమళ్లను, అరటితోటలను తడుపుచున్నది. ఆ నీరు ప్రకృతి యిచ్చినది. పండిన గెలలను సంతకు చేర్చు దారి మాత్రము మనుష్యులే వేసికొనవలసినది. అది సులభమైన పనిగాదు. కుందూనది లోయలోని నేల చాలవరకు నల్లరేగడి. వానకు ఉబ్బును, ఎండకు బీటలు వారును. దానిపై పరచిన గరుసు కొన్ని వర్షాకాలములు గడచునప్పటికి బురదలో దిగబడిపోవును. కావున ఇచ్చట బాట యనునది ఒక్కసారి కట్టి మరచిపోదగిన కట్టడము గాదు. సేద్యమువలె ఏటేట చేయవలసిన పని.

1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, అహోబిలము, మహానంది, శ్రీశైలముల మీదుగా ప్రయాణము చేసిరి. అప్పటికీ ప్రాంతము కందనవోలు నవాబు పాలనలో నుండెను. శ్రీశైల యాత్రికులకడ నవాబు సుంకము గైకొనుచుండిన సంగతి ఆయన తన యాత్రాచరిత్రలో వ్రాసియున్నారు. సుంకమిచ్చు యాత్రికునకు దానిని ఎట్లు ఖర్చుచేసితిరని యడుగు హక్కు ఆనాడు లేదు.

1839లో నవాబు పదవి పోయినది. 1858లో కర్నూలు జిల్లా యేర్పడినది. 1866లో మద్రాసు ప్రభుత్వము రోడ్డు సెస్సు చట్టమును, 1871లో లోకల్ ఫండ్ల చట్టమును చేసెను. ఈ రెండవ చట్టముచే భూమి శిస్తు రూపాయికి ఒక అణా వరకు సెస్సు విధించుటకు వీలు కలిగెను. రైతు చెల్లించెను, ఖర్చు నిర్ణయించిన బోర్డులలో ప్రభుత్వము నియమించిన వారే కూర్చుండిరి.

ఇంతలో 1876–78 నాటి ఘోరక్షామము వచ్చినది. కర్నూలు జిల్లా మిక్కిలి నష్టపడిన సీమలలో నొకటి. ఆకలిగొన్న జనులచే కంకర కొట్టించుట, రోడ్లు వేయించుట ఆ కాలపు కరువుపనులలో ముఖ్యమైనవి. 1877లో సర్ రిచర్డు టెంపుల్ దొర సలహాపై కూలి తగ్గింపబడి, దినమంతయు పనిచేసిన పురుషునకు ఒక పౌను ధాన్యము, కొలదిపాటి పైకము మాత్రమే లభించెను. అది ప్రాణము నిలుపజాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ గారు వాదించిరి. కొన్ని నెలలకు కూలి పెంపబడెను. రాయలసీమలో పాతబాటల మీద నడచువారు ఈ సంగతిని మరువరాదు.

1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానమును ప్రకటించెను. 1884 చట్టముచే జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, యూనియనులు ఏర్పడెను. బోర్డుల యెదుట నిలిచిన ప్రశ్న తేలికైనది కాదు. ఉన్న కొలది ధనమును పదియూళ్ల బండ్లు నడచు పెద్దరోడ్డుకు పెట్టవలెనా? సెస్సు కట్టిన ప్రతి యూరికి కొంచెము కొంచెముగా గరుసు తోలింపవలెనా? పెద్దరోడ్డు లేక పల్లెబాట ఎక్కడికిని చేరదు. పల్లెబాట లేక పెద్దరోడ్డుకు సరుకు చేరదు. ఇరుపక్షములందును న్యాయము గలదు. అన్యాయమంతయు వేరొకచోట నున్నది: బురదలో బండి లాగినవానికి, తలపై గంప మోసిన స్త్రీకి ఆ చర్చలో చోటు లేకుండుట.

తరువాత మోటారు వచ్చినది. జయకర్ సంఘపు నివేదిక ననుసరించి 1929లో పెట్రోలు సుంకముతో కేంద్ర రోడ్డు నిధి యేర్పడెను. 1931 నాటి మోటారు వాహనముల పన్ను చట్టముతో మద్రాసు రాష్ట్రమున బండ్ల టోలుగేట్లు తొలగిపోయెను. 1934లో తాలూకా బోర్డులే రద్దయ్యెను. పల్లెబాట గూర్చి మాటలాడు సభ పల్లెకు మరికొంత దూరమయ్యెను.

స్వాతంత్ర్యానంతరము 1959లో పంచాయతి సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడినవి. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ రోడ్లను, కల్వర్టులను పంచాయతులకు అప్పగింపదగిన విషయములలో చేర్చినది. 2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో, రోడ్డు వేసిన గుత్తేదారుడే అయిదేండ్లు దానిని బాగుచేయవలెనను నియమము గలదు. ఇది పాతబోర్డుల కాలమునుండి మనకు లభించిన గొప్ప పాఠము. కాని ఆరవయేటి మాటయేమి?

నేను పాఠము చెప్పు గ్రామమున ఒకనాడు గ్రామసభ జరిగెను. క్రొత్తరోడ్డు కావలెనని పలువురు మాటలాడిరి, చప్పట్లు మ్రోగెను. కడపట అరటితోటల కూలికి పోవు ముసలమ్మ యొకతె లేచి, “రోడ్డు ఏసినప్పుడు టెంకాయ కొడతారు. గుంతలు పడినాక ఎవురొస్తారు సామీ?” అని యడిగెను. ఎవ్వరును బదులు చెప్పలేదు. ఆమె యడిగినది చిన్న ప్రశ్నగాదు. క్రొత్తరోడ్డుకు శిలాఫలకము గలదు, మరమ్మతుకు లేదు. అందుచేతనే మొదటిదానికి అందరును ముందుకు వత్తురు. రెండవదానికి ఎవ్వరును రారు.

2022 ఏప్రిల్ 4న నంద్యాల ప్రత్యేక జిల్లాయైనది. కచ్చేరి దగ్గరయైనంతమాత్రమున పాలన దగ్గర గాదు. గ్రామసభకు ఇంటికొకరైనను పోవలెను. స్త్రీలు తప్పక పోవలెను. క్రొత్తరోడ్డు ఎప్పుడని యడుగుటకు ముందు, ఉన్న బాటకు ఈ యేడు మరమ్మతుకై ఎంత కేటాయించితిరి, ఎంత ఖర్చు చేసితిరి యని లెక్క యడుగవలెను. నవాబు నాటి యాత్రికునకు, క్షామము నాటి కూలివానికి లేని హక్కు మనకు లభించినది. దానిని వినియోగింపకున్నచో, రేగడిలో గరుసువలె అదియు మెల్లమెల్లగా దిగబడిపోవును.