పునరుత్పాదకం

‘మళ్లీ’ అనే అర్థమిచ్చే ‘పునర్’, ‘పుట్టించేది’ అనే అర్థమిచ్చే ‘ఉత్పాదక’ అనే సంస్కృత పదాలు కలిసి ఏర్పడిన ఈ మాట, ఎంత వాడినా తరగని సూర్యరశ్మి, గాలి, నీటి వంటి శక్తి వనరులకు నేడు తెలుగులో స్థిరపడింది. నిజానికి సూర్యుడు దేనినీ మళ్లీ పుట్టించడు గనుక ‘తరగని ఇంధనం’ అన్న పలుకే అర్థానికి దగ్గరైనది, వినసొంపైనది కూడా. హైదరాబాద్‌లోని ఉప్పల్ మెట్రో డిపో పైకప్పుల మీది సౌరఫలకాలు ఇచ్చేది ఇటువంటి విద్యుత్తే.

ఈ మాటకు అంగడి విలువ వచ్చింది మాత్రం 2010లో, కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి పునరుత్పాదక ఇంధన ధ్రువపత్రాల నిబంధనలు తెచ్చినప్పుడు. ఒక్కో పత్రం వెయ్యి యూనిట్ల హరిత విద్యుత్తుకు సాక్ష్యం. 2011 నుంచి విద్యుత్ ఎక్స్ఛేంజీలలో క్రయవిక్రయమవుతున్న ఈ పత్రాన్ని కొన్నవారికి కరెంటు రాదు, ఆ కరెంటు తాలూకు హరితగుణం మీది హక్కు మాత్రమే దక్కుతుంది. ఉప్పల్, నాచారాలకు విద్యుత్తునందించే దక్షిణ తెలంగాణ పంపిణీ సంస్థ వంటివి ఏటా నిర్ణీత శాతం హరిత విద్యుత్తు కొనాలన్న నిబంధన ఉంది. లోటు పడినప్పుడు ఈ పత్రాలతో పూడ్చుకోవచ్చు. అయితే పత్రం కొనడం కన్న నాచారం పారిశ్రామికవాడ కప్పుల మీదనే ఫలకాలు పరచడం మేలైన మార్గం.