మందు డోసుపై అనుమానం ఉందా? సిస్టర్‌ను అడిగి తెలుసుకోండి

చోడవరం: పోయిన నెల ఇచ్చిన షుగర్ మాత్ర ఒక రంగు, ఈ నెల ఇంకో రంగు. డాక్టర్ గదిలో అడగడానికి మొహమాటం. అలాంటప్పుడు చోడవరం సర్కారు ఆసుపత్రిలోనైనా, ఊళ్లో విలేజ్ హెల్త్ క్లినిక్‌లోనైనా అడగాల్సింది సిస్టర్‌నే.

మాత్ర రంగు, సైజు కంపెనీని బట్టి మారిపోతాయి. చూడాల్సింది మందు పేరు, మిల్లీగ్రాములు. మన వాళ్లు 'పవర్' అనేది దాన్నే. ఇదివరకు మెట్‌ఫార్మిన్ 500 రెండేసి వేసుకున్నవాళ్లకు ఈసారి 1000 ఇస్తే, అలవాటుగా రెండు వేసుకోవద్దు. డోసు రెట్టింపు అయిపోతుంది. అందుకే పాత షీటు వెంట తీసుకెళ్లి సిస్టర్‌కు చూపించాలి.

పిల్లల జ్వరం మందుతో ఇంకా జాగ్రత్త. పారాసిటమాల్ డ్రాప్స్‌లో 1 ఎం.ఎల్.కు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్ అయితే 5 ఎం.ఎల్.కు 120 లేదా 250. పది కిలోల బిడ్డకు ఒక్కసారికి 100 నుంచి 150 మిల్లీగ్రాములు చాలు. సిరప్ అనుకుని డ్రాప్స్ 5 ఎం.ఎల్. పోస్తే 500 లోపలికి పోయినట్టే! వంటింటి చెంచాతో కొలవొద్దు, సీసాతో వచ్చిన డ్రాపరో మూతో వాడాలి.

టీబీ మాత్రల లెక్క బరువును బట్టి ఉంటుంది. మొదటి రెండు నెలలు 35–49 కిలోల వాళ్లకు రోజుకు మూడు, 50–64 కిలోల వాళ్లకు నాలుగు. పక్కింటాయనకు తక్కువ ఇచ్చారని మనం తగ్గించుకోకూడదు. మూత్రం ఎర్రగా వస్తే భయపడక్కర్లేదు, అది రిఫాంపిసిన్ రంగు.

మన ఇళ్లలో ఎక్కువ పొరపాట్లు రంజాన్‌లోనే. పొద్దుటి మాత్రను సొంతంగా సహరీకి జరుపుకుంటారు. గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ లాంటివి అలా తీసుకుని పగలంతా ఖాళీ కడుపుతో ఉంటే షుగర్ పడిపోయి కళ్లు తిరగొచ్చు. చాలామందికి డాక్టర్లు పెద్ద డోసును ఇఫ్తార్‌కు మార్చి, సహరీది తగ్గిస్తారు. కానీ ఎవరికెంత అన్నది డాక్టరే తేల్చాలి, సిస్టర్ సొంతంగా మార్చరు. రోజాలు ఉండాలనుకుంటున్న సంగతి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే ఆమె చెవిన వేస్తే డాక్టర్‌ను కలిపిస్తారు. రోజాలో షుగర్ 70 కన్నా తగ్గినా, 300 దాటినా రోజా విప్పేయాలన్నది వైద్యుల సలహా.

మందు పడక దద్దుర్లు, వాంతులు వస్తే వెంటనే సిస్టర్‌కు చెప్పండి. 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరుకూ ఫిర్యాదు చేయొచ్చు.