చెరకు వెంట వెళ్ళిన తొండ

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు కంచెల మీద తలాడిస్తూ కనిపించే తొండని ఎవరూ పనిగట్టుకుని చూడరు, చేతిలో రాయి ఉన్న పిల్లలు తప్ప. కానీ ఈ జీవిది సముద్రాలు దాటిన చరిత్ర. శాస్త్రవేత్తలు కాలోటిస్ వెర్సికలర్ అనే మన తొండ రీయూనియన్, మారిషస్ దీవుల్లో పరాయి జాతి.

1865 ప్రాంతంలో జావా నుంచి రీయూనియన్‌కి తెప్పించిన చెరకుతో పాటు అది అక్కడ దిగిందని చెబుతారు. 1900 ప్రాంతానికి మారిషస్ చేరింది. ఆడ తొండ మట్టి తవ్వి, ఒక్క విడతలోనే పది పైచిలుకు గుడ్లు పెట్టి పూడ్చేస్తుంది. ఎండ, పొదలు, పురుగులు ఉంటే చాలు, బతికేస్తుంది.

అదే చెరకు కోసం మనుషులూ వెళ్ళారు, తొండ కంటే ముందే. 1828లోనే యానాం నుంచి తెలుగు కూలీలు రీయూనియన్‌కి ఓడెక్కారు. 1834లో మారిషస్‌కి ఒప్పంద కూలీల వలస మొదలైంది. కోరంగి రేవు పేరు మీదే అక్కడ తెలుగువాళ్ళకి 'కోరింగీ' అన్న పేరొచ్చింది.

తొండ ముదిరితే ఊసరవెల్లి అంటాం కదా. రీయూనియన్‌లో అది పేరులోనే జరిగిపోయింది. అక్కడి జనం తొండని 'కామెలియాన్' అంటారు, అంటే ఊసరవెల్లి. మడగాస్కర్ నుంచి వచ్చిన అసలు ఊసరవెల్లికేమో 'నిద్రమొహంది' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు.

మరి తొండ వల్ల నష్టం లేదా? ఉంది. అది పురుగులతో పాటు దొరికితే చిన్న బల్లుల్నీ తింటుంది. సింగపూర్‌కి 1980లలో చేరాక, అక్కడి ఆకుపచ్చ చెట్టుతొండ ఊరి తోటల్లోంచి తగ్గిపోయింది. అయితే ఆ చెట్టుతొండకి కావాల్సింది చెట్ల గుబురు. మన తొండకి కావాల్సింది ఖాళీ జాగా, తుప్పలు. అడవి కొట్టేసి ఖాళీ జాగా చేసింది తొండ కాదు. మారిషస్‌లోనూ అంతే. చెరకు కోసం అడవి నరికేశాక వచ్చిన అతిథి అది. నేరం జరిగిన చోట ఆఖర్న దొరికినవాణ్ణే దొంగ అన్నట్టుంది మన లెక్క.

ఇది కామారెడ్డికి దూరపు కథేం కాదు. ఎల్లారెడ్డికి దగ్గర్లోనే మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ నేలని మార్చేసింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. కాలవ నీళ్ళ కింద చెరకు పెరిగింది, కామారెడ్డి బెల్లానికి పేరొచ్చింది. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి స్థిరపడ్డారు. ముంపులో ఊళ్ళు పోయినవాళ్ళు ఇంకో చోటు వెతుక్కున్నారు. 2015లో ఫ్యాక్టరీ మూతపడింది. దాన్ని నమ్ముకున్నవాళ్ళు మాత్రం ఇక్కడే ఉన్నారు.

స్థానికులు, స్థానికేతరులు అనే మాటలు తెలంగాణలో తేలిగ్గా వాడేవి కావు. వాటి వెనక ఉద్యోగాల, నీళ్ళ, అవమానాల చరిత్ర ఉంది. ఆ లెక్కలు తేల్చుకోవాల్సిందే. కానీ జీవశాస్త్రంలోంచి 'పరాయి జాతి' అన్న మాట తెచ్చి మనుషులకి అతికిస్తే ఆ లెక్క తేలదు, చెడుతుంది. తొండకి ఒప్పంద పత్రం లేదు, కూలీ బకాయి లేదు. కోరంగిలో ఓడెక్కినవాడికి రెండూ ఉన్నాయి. ఎవరు వచ్చారు అన్నదాంతో ఆగిపోతే, ఎవరు రప్పించారు, ఎవరికి లాభం వచ్చింది అన్న ప్రశ్నలు మిగిలిపోతాయి. చెరకు చరిత్ర చదివేటప్పుడు నేను ముందు అడిగేది ఆ రెండే.