శిక్షగా పుట్టిన నడక

ట్రెడ్‌మిల్ ఇంటికొచ్చిన మొదటి వారం ఇల్లంతా పోటీలు పడి ఎక్కుతారు. నెల తిరిగేసరికి దాని మీద పది నిమిషాలు గడవడం గగనమైపోతుంది. ఆపేసినవాళ్లు తమనే తిట్టుకుంటారు, ఓపిక లేదనీ పట్టుదల లేదనీ. అంత నింద వేసుకోనక్కర్లేదు. నిలబడ్డచోటే నడిపించే ఈ యంత్రాన్ని ఒకప్పుడు మనిషికి విసుగు పుట్టించడానికీ, ఆ విసుగుతోనే అతణ్ణి లొంగదీయడానికీ వాడారు. విసుగు దీనికి పుట్టుకతో వచ్చింది. ఎక్కడ, ఎలా వచ్చిందో తెలుసుకుంటే దాన్ని వదిలించే దారి కూడా కనిపిస్తుంది.

కాళ్లతో చక్రం తిప్పి పని చేయించడం చాలా పాతది. రోమన్లు బరువైన రాళ్లను పైకెత్తడానికి పెద్ద చక్రం ఒకటి కట్టి, అందులో మనుషుల్ని నడిపించేవారు. వాటికన్ మ్యూజియంలో ఉన్న హటేరీ కుటుంబ సమాధి శిల్పంలో అలాంటి యంత్రం ఇప్పటికీ చూడొచ్చు. అది కష్టమే, కానీ అడుగుకింత రాయి లేచేది, గోడ పెరిగేది.

ఆ నడకను శిక్షగా మార్చింది విలియం క్యూబిట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. నార్‌ఫోక్‌లో 1785లో పుట్టాడు. గాలిమరల రెక్కలు గాలి వేగాన్ని బట్టి వాటంతటవే సర్దుకునే ఏర్పాటు కనిపెట్టి పేరు తెచ్చుకున్నాడు. బరీ సెయింట్ ఎడ్మండ్స్ జైల్లో ఖైదీలు ఊరికే కూర్చుని ఉండడం చూసి, 1818 ప్రాంతంలో వాళ్ల కోసం ఒక చక్రం తయారుచేశాడు. చక్రం వెలుపలి అంచు పొడవునా అడ్డపలకలు ఉంటాయి. ఖైదీలు వరసగా నిలబడి, చేతులతో కమ్మీ పట్టుకుని, పై పలక మీద కాలు వేస్తారు. బరువుకి పలక కిందికి దిగుతుంది. వెంటనే మరో పలక ఎక్కాలి. అంటే పైకి చేర్చని మెట్లు. 1821లో లండన్ బ్రిక్స్‌టన్ జైల్లో పెట్టినదాంతో దీనికి పెద్ద పేరొచ్చింది. ఈ క్యూబిటే తరవాతి కాలంలో 1851 నాటి క్రిస్టల్ ప్యాలెస్ నిర్మాణాన్ని పర్యవేక్షించాడు. అంతటి పనిమంతుడి చేతిలోంచే ఇదీ వచ్చిందంటే నాకు బాధగా ఉంటుంది.

మొదట్లో ఆ చక్రం ధాన్యం విసిరేది, నీళ్లు తోడేది. తరవాత చాలా జైళ్లలో దానికి ఏ పనీ తగిలించకుండా వట్టినే తిప్పించారు. గాలిని పిండి పట్టడమన్న మాట అక్కడే పుట్టింది. పక్కవాడితో మాట్లాడకూడదు. కొన్నిచోట్ల ఒకరికొకరు కనిపించకుండా మధ్యలో చెక్క అడ్డాలు పెట్టారు. ఎదురుగా గోడ తప్ప మరేమీ ఉండదు. వేగం మారదు, ఎత్తు మారదు. రోజుకి ఆరు గంటలూ అంతకుమించీ తొక్కించిన జైళ్లున్నాయి. ఈ చక్రం అమెరికాకి చేరాక, 1824లో న్యూయార్కులో జేమ్స్ హార్డీ అనే ఆయన దీని చరిత్ర రాస్తూ, ఖైదీల్ని భయపెట్టేది శ్రమ కాదు, మార్పులేనితనమే అని తేల్చాడు. ఆయన దాన్ని మెచ్చుకుంటూనే ఆ మాట రాశాడు. ఆస్కార్ వైల్డ్‌కి 1895లో రెండేళ్ల కఠిన శిక్ష పడినప్పుడు పెంటన్‌విల్ జైల్లో ఈ చక్రమే తొక్కించారు. బ్రిటన్ 1898లో చట్టం చేసి దీన్ని మాన్పించింది.

అదే కాలంలో మన పల్లెల్లోనూ మనుషులు కట్టె మీద నడిచేవారు. ఏతం గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. బావి గట్టున పాతిన స్తంభం మీద అడ్డంగా పొడవాటి మాను, దాని మీద ఒకరో ఇద్దరో ముందుకీ వెనక్కీ అడుగులేస్తుంటే బాన బావిలోకి దిగి నీళ్లతో పైకొచ్చేది. కింద ఉన్నవాడు దాన్ని కాలవలోకి గుమ్మరించేవాడు. పొద్దు పొడవకముందే మొదలయ్యే ఆ పని జైలు చక్రం కన్నా తేలికేమీ కాదు, కాలు జారితే ప్రాణం మీదికొచ్చేది. ఏతం పాటలని మన జానపద సాహిత్యంలో ఒక శాఖే ఉందంటే, ఆ నడకకి పాట ఎంత అవసరమైందో ఊహించుకోవచ్చు. పైవాడు ఒక చరణం ఎత్తుకుంటే కిందివాడు అందుకునేవాడు. పాట నడిచిన తీరుకే కాళ్లూ నడిచేవి. నీళ్లు చేనుకి పారడం కళ్లెదుట కనిపించేది. మాటా, పాటా, తోడూ, చేరాల్సిన చోటూ నడకలోంచి తీసేస్తే మిగిలేది జైలు చక్రం. వాటిని ఒక్కొక్కటిగా తిరిగి చేర్చుకోవడమే ఇంట్లో ట్రెడ్‌మిల్‌ని ఇష్టంగా ఎక్కే ఉపాయమని నేను నమ్ముతాను.

చక్రం చదునైన బెల్టుగా మారడానికి చాలా కాలమే పట్టింది. మధ్యలో గుర్రాల చేత తొక్కించి ధాన్యం నూర్చారు, కుక్కల చేత తొక్కించి వెన్న చిలికారు. వ్యాయామం కోసమంటూ అమెరికాలో 1913లో ఒక యంత్రానికి పేటెంటు ఇచ్చారు. అసలు మలుపు వైద్యుల దగ్గర వచ్చింది. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో గుండె వైద్యుడు రాబర్ట్ బ్రూస్, ఇంజనీరు వేన్ క్వింటన్ కలిసి 1950ల మొదట్లో, రోగి నడుస్తుండగా గుండె పనితీరు చూసేందుకు మోటారు ట్రెడ్‌మిల్‌ని వాడకంలోకి తెచ్చారు. బ్రూస్ 1963లో ప్రకటించిన పద్ధతిలో గంటకి 2.7 కిలోమీటర్ల వేగం, 10 శాతం వాలుతో మొదలై ప్రతి మూడు నిమిషాలకీ రెండూ పెరుగుతాయి. గుంటూరులో అయినా వరంగల్‌లో అయినా డాక్టరు ‘టీఎంటీ (ట్రెడ్‌మిల్ టెస్టు) చేయించండి’ అంటే చాలాచోట్ల జరిగేది ఇదే. శిక్ష కోసం పుట్టిన నడక ఇక్కడ ప్రాణాలు కాపాడే పనిలో చేరింది.

ట్రెడ్‌మిల్‌ని ఇంటికి తెచ్చినవాడు న్యూజెర్సీ మెకానికల్ ఇంజనీరు విలియం స్టాబ్. డాక్టర్ కెన్నెత్ కూపర్ 1968లో రాసిన ‘ఏరోబిక్స్’ పుస్తకం చదివాడు. మైలు దూరం ఎనిమిది నిమిషాల్లో, వారానికి నాలుగైదు సార్లు పరిగెత్తగలిగితే ఒళ్లు గట్టిగా ఉంటుందన్న మాట ఆయన మనసుకి పట్టింది. మరి చలికాలం మాటేమిటి, వాన మాటేమిటి? అప్పటి ట్రెడ్‌మిల్‌లు ఆసుపత్రుల కోసం చేసినవి, ఇంటి కోసం చేసిందేదీ ఆయనకి దొరకలేదు. నలభై ఉక్కు రోలర్ల మీద నారింజరంగు బెల్టు చుట్టి తనే ఒకటి తయారుచేసి, కూపర్‌కి పంపించాడు. అదే పేస్‌మాస్టర్ 600గా అమ్మకానికొచ్చింది. స్టాబ్ 2012లో తన 96వ ఏట కన్నుమూశాడు. తొంభై దాటాక కూడా ట్రెడ్‌మిల్ ఎక్కాడు.

అయితే ఇంటికొచ్చినా దాని పుట్టుబుద్ధి పోలేదు. గోడకి ఎదురుగా, ఒంటరిగా, ఒకే వేగంతో నడిస్తే అది మళ్లీ బ్రిక్స్‌టన్ చక్రమే. ముందుగా పాట సంగతి చూద్దాం. న్యూయార్కులో జరిగిన ఆరు రోజుల సైకిల్ పందెంలో బ్యాండు మోగుతున్నప్పుడు సైకిళ్లు ఎక్కువ వేగంగా వెళ్లాయని లెనర్డ్ ఏయర్స్ 1911లోనే రాశాడు. లండన్ బ్రూనెల్ యూనివర్సిటీలో కోస్టాస్ కరాగియార్గిస్ బృందం ఈ సంగతిని ట్రెడ్‌మిల్ మీదే పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించింది. ఉత్సాహపరిచే పాట లయకి అడుగు కలిపి నడిచినవాళ్లు, పాట లేకుండా నడిచినప్పటికన్నా సుమారు 15 శాతం ఎక్కువసేపు నిలిచారు. ఇక్కడ గమనించాల్సింది అడుగు కలపడం. వెనక ఏదో ఒకటి మోగుతుంటే చాలదు. మామూలుగా నిమిషానికి వంద అడుగులు పడితే ఆరోగ్యానికి పనికొచ్చే నడక. కాబట్టి దరువు నిమిషానికి వంద నుంచి నూట ఇరవై మధ్య పడే పాటలు ఏరి పెట్టుకోవాలి. మన సినిమా పాటల్లో వీటికి కొదవే లేదు. మెల్లగా సాగే పాటతో మొదలుపెట్టి, మధ్యలో డప్పు దరువున్నవి వేసుకుని, చివర మళ్లీ మెల్లని పాటకి దిగితే, గడియారం చూడకుండానే అరగంట గడుస్తుంది. తెర మీద నిమిషాలు లెక్కపెట్టడం కన్నా పాటలు లెక్కపెట్టడం ఎంతో హాయి.

కథలది ఇంకో రకం బలం. కేథరిన్ మిల్క్‌మన్, మరో ఇద్దరు పరిశోధకులు 2014లో ప్రకటించిన అధ్యయనంలో కొందరికి ఉత్కంఠభరితమైన నవలల ఆడియో ఇచ్చి, అది జిమ్‌లో మాత్రమే వినేలా కట్టడి చేశారు. మొదట్లో వాళ్లు మిగతావాళ్లకన్నా 51 శాతం ఎక్కువసార్లు జిమ్‌కి వెళ్లారు. కథ తరవాయి భాగం వినాలంటే వెళ్లక తప్పదు మరి! అమెరికాలో వచ్చే నవంబరు సెలవులు దాటాక ఆ ఊపు తగ్గిపోయింది. ఈ రెండో సగం కూడా గుర్తుంచుకోవాల్సిందే. సంక్రాంతికి ఊరెళ్లొచ్చాక మళ్లీ మొదలుపెట్టాలంటే కొత్త కథ కావాలి. తెలుగులో ఇప్పుడు వినడానికి కరువు లేదు. దాసుభాషితం యాప్‌లో నవలలున్నాయి, కిరణ్ ప్రభ గారి టాక్ షోలున్నాయి, పెద్దవాళ్లకి చాగంటి వారి ప్రవచనాలున్నాయి. నియమం ఒక్కటే: ఆ కథ బెల్టు మీద ఉన్నప్పుడే వినాలి, సోఫాలో కూర్చుని వినకూడదు. సీరియల్ చూసే అలవాటున్నవాళ్లకీ ఇదే మాట. టీవీ మాత్రం కళ్లకి సరిగ్గా ఎదురుగా ఉండాలి. మెడ తిప్పి చూస్తే అడుగు పక్కకి పడుతుంది. చేతిలో ఫోను పట్టుకుని వేలితో జరుపుతూ నడవడం అసలు వద్దు.

గాలి గురించి ఎవరూ పెద్దగా చెప్పరు గానీ, నా దృష్టిలో సగం విసుగు అక్కడే ఉంది. బయట నడుస్తుంటే గాలి ఒంటికి తగిలి చెమట ఆరుతుంది. ఇంట్లో మనం కదలం, గాలీ కదలదు, ఒళ్లు కుతకుతలాడుతుంది. పది నిమిషాలకే దిగిపోవాలనిపించేది చాలాసార్లు కాళ్ల నొప్పి వల్ల కాదు, ఉక్క వల్ల. ఎదురుగా ఒక టేబుల్ ఫ్యాను పెట్టుకుంటే తేడా ఆ రోజే తెలుస్తుంది. బయట వేగంగా పరిగెత్తేటప్పుడు గాలిని చీల్చుకుంటూ వెళ్లే శ్రమ ఇంట్లో ఉండదు. దానికి సరిసమానంగా 1 శాతం వాలు పెట్టుకుంటే సరిపోతుందని జోన్స్, డౌస్ట్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు 1996లో చూపించారు. పరుగు పెట్టేవాళ్లకి ఇది పనికొస్తుంది. యంత్రాన్ని గోడవైపు కాకుండా కిటికీవైపు తిప్పగలిగితే ఇంకా మంచిది. వెనకాల మాత్రం ఖాళీ స్థలం వదలాలి, అత్యవసరంగా ఆపే తాడు చొక్కాకి తగిలించుకోవాలి, పిల్లలున్న ఇంట్లో వాడనప్పుడు తాళంచెవి తీసి దాచాలి.

ఇక తోడు. స్టాబ్ ట్రెడ్‌మిల్ తయారైన న్యూజెర్సీలో ఇవాళ తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. చలికాలంలో బయట మంచు, నడకంతా బేస్‌మెంట్‌లోనే. అక్కడ పొద్దున ఏడయితే ఇక్కడ సాయంత్రం అయిదున్నర. కూతురు అక్కడ బెల్టు మీద, అమ్మ ఇక్కడ డాబా మీద, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కబుర్లాడుకుంటూ నడవొచ్చు. ఇందులో ఇంకో లాభం ఉంది. మాట్లాడగలుగుతూ, పాడలేకపోతే ఆ నడక సరైన వేగంలో ఉన్నట్టని వ్యాయామ నిపుణులు చెప్పే గుర్తు. ‘ఏమ్మా, ఆయాసపడుతున్నావ్, కాస్త తగ్గించు’ అని అవతలివాళ్లే చెబుతారు.

ఒంటరి యంత్రం మీద పదిమందితో కలిసి పరిగెత్తడం ఎంత దూరం నుంచైనా సాధ్యమేనని సునీతా విలియమ్స్ చూపించారు. 2007 ఏప్రిల్ 16న బోస్టన్ మారథాన్ జరుగుతుండగా, ఆమె అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ట్రెడ్‌మిల్‌కి పట్టీలతో కట్టుకుని ఆ మారథాన్‌నే పూర్తిచేశారు. 4 గంటల 24 నిమిషాలు పట్టింది. ఆ లోపల కేంద్రం భూమిని దాదాపు మూడుసార్లు చుట్టొచ్చింది. అదే సమయంలో ఆమె అక్క నేల మీద బోస్టన్ వీధుల్లో పరిగెత్తుతున్నారు. సునీత ఎక్కింది గోడలు నాలుగువైపులా ఉన్న గదిలోనే, అయినా ఆమె పరుగుకి ఒక ఊరుంది, ఒక రోజుంది, తోడు పరిగెత్తేవాళ్లున్నారు.

మనకి బోస్టన్ ఎందుకు, అలిపిరి ఉంది. 3,550 మెట్లు. నడిచి తిరుమల కొండెక్కాలనుకునేవాళ్లు రెండు మూడు నెలల ముందు నుంచీ ఇంట్లోనే ఆ దారిని నడవొచ్చు. దారి తీరు చాలామందికి తెలిసిందే: మొదలు నుంచి గాలిగోపురం దాకా నిటారుగా ఉంటుంది, అక్కణ్ణుంచి చాలా దూరం తేలిగ్గా సాగుతుంది, చివర్లో మోకాళ్ల మెట్టు దగ్గర మళ్లీ కష్టపెడుతుంది. ట్రెడ్‌మిల్ మీద కూడా అలాగే అమర్చుకోవాలి. అయిదు నిమిషాలు చదునుగా నడిచి ఒళ్లు వేడెక్కాక, గాలిగోపురం కోసం పది నిమిషాలు ఎక్కువ వాలు, తక్కువ వేగం. తరవాత పావుగంట వాలు బాగా తగ్గించి, వేగం కొంచెం పెంచి, ఇష్టమైన పాటలతో. ఆఖర్న అయిదు నిమిషాలు మోకాళ్ల మెట్టు. కమ్మీ పట్టుకుని వేలాడకూడదు, పట్టుకుంటే కాళ్లకి పడాల్సిన బరువు చేతులకి పోతుంది. నిలవలేకపోతే వాలే తగ్గించుకోవాలి. మొదటి వారం 3 శాతం వాలుతో మొదలుపెట్టి, ఒళ్లు ఒప్పుకుంటున్న కొద్దీ వారానికొకటి చొప్పున పెంచుకుంటూ పోవచ్చు. గుండెజబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు ముందు డాక్టరుని అడగాలి. దిగే ముందు నాలుగైదు నిమిషాలు వేగం బాగా తగ్గించి నడిచి, బెల్టు పూర్తిగా ఆగాకే కిందికి అడుగు వేయాలి.