వ్యవసాయ విశ్వవిద్యాలయం: ఏ అధికారి పని ఏమిటి?

పంటకు తెగులు రాగానే వ్యవసాయ కళాశాలకు వెళ్లి, పెద్దసారు కోసం రోజంతా కూర్చున్న రైతులను నా సర్వీసులో చాలామందిని చూశాను. ఎవరి పని ఏమిటో తెలిస్తే ఆ రోజు మిగులుతుంది.

కళాశాలకు పెద్ద అసోసియేట్ డీన్. విద్యార్థుల చదువు, పరీక్షలు వారి బాధ్యత. వ్యవసాయ కళాశాలలన్నిటి బోధనను డీన్ చూస్తారు. అందరికీ పైన ఉపకులపతి. గుంటూరు దగ్గర లాంలోని, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని విశ్వవిద్యాలయాలు రెండింటిలోనూ ఇదే పద్ధతి.

కొత్త వంగడాల పని పరిశోధన సంచాలకులది. మీకు సలహాలు అందించే పని విస్తరణ సంచాలకులది.

కాబట్టి తెగులు సోకిన మొక్కను వేరుతో సహా తీసి, వాడిన మందుల పేర్లు రాసుకుని, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికో, ఏరువాక కేంద్రానికో వెళ్లండి. వెళ్లలేకపోతే కిసాన్ కాల్ సెంటర్‌కు 1800-180-1551 నంబరులో ఫోన్ చేయండి. ఆలస్యం చేయకండి.