హాజరుపట్టీ లేని సర్వరు

తన యొద్దనున్న ఫైళ్లను తక్కిన కంప్యూటర్లకు అందించు యంత్రమును సర్వరందురు. అట్టి యంత్రములను పెక్కింటిని నడుపు యూనిక్సు 1969లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలో పుట్టెను. దూరపు సర్వరులోని ఫైలును తనదానివలెనే చదువుకొను ఎన్.ఎఫ్.ఎస్. పద్ధతిని సన్ మైక్రోసిస్టమ్స్ వారు కల్పించి, 1985లో దాని విధానమును ప్రకటించిరి.

అందొక వింత కలదు. ఎవరే ఫైలు తెఱచిరో ఆ సర్వరు జ్ఞాపకముంచుకొనదు. ఏ ఫైలు, ఎచటినుండి, ఎంత యని అడుగువాడే ప్రతిసారియు చెప్పవలెను. ముప్పదియైదేండ్లు హాజరుపట్టీ వ్రాసినవాడను. పట్టీ లేని బడి యెట్లు సాగునని మొదట నవ్వితిని. కాని యుక్తి యందే యున్నది. కొత్త సాఫ్టువేరు నెక్కించుటకు సర్వరును ఆపి మరల నడుపవలసి వచ్చును. అంతదాక అవతలి యంత్రము అడిగినదే అడుగుచు వేచియుండును. సర్వరు లేవగానే పని విడిచినచోటనే సాగును.

ఈ మఱపునకు వెలయు లేకపోలేదు. యూనిక్సులో తెఱచియున్న ఫైలును వేఱొకరు తొలగించినను, చదువువాడు మూయుదాక అది నశింపదు. దూరపు చదువరి యున్నట్లే ఎఱుగని ఈ సర్వరు మాత్రము, కొత్తప్రతి వచ్చినంతనే పాతదానిని పోనిచ్చును. పాపము, వాని చేత చెల్లని గుర్తు మిగులును.

2000లో ప్రకటింపబడిన నాల్గవ రూపమున సర్వరు మరల పట్టీ పట్టెను. ఆగి లేచినప్పుడు కొంత గడువిచ్చును. ఆ లోపల మునుపటివారు వచ్చి, తాము వేసిన తాళములను తిరిగి చెప్పుకొనవలెను.