రెండున్నర వేల అణువులకు ఒక్క ఆక్సిజనా?

1932లో అమెరికాలో రాబర్ట్ ఎమర్సన్, విలియం ఆర్నాల్డ్ క్లోరెల్లా అనే నాచు మీద వెలిగీ వెలగక ముందే ఆరిపోయే కాంతి మెరుపులు వేసి చూశారు. మెరుపును ఎంత పెంచినా, దాదాపు 2,500 పత్రహరిత అణువులకు ఒక్క ఆక్సిజన్ అణువే వచ్చింది. మరి మిగతావన్నీ ఏం చేస్తున్నట్టు?

1936లో గాఫ్రాన్, వోల్ ఇంకో సంగతి పట్టుకున్నారు. మసక వెలుతురులో ఒక్కో అణువు తనకు కావలసిన ఫోటాన్లను తానే కూడబెట్టుకోవాలంటే చాలాసేపు పడుతుంది. కానీ దీపం వెలిగించగానే ఆక్సిజన్ మొదలవుతోంది! అంటే వందల అణువులు పట్టిన శక్తి ఒక్క చోటికి చేరుతోందన్నమాట. ఎలా?

జవాబుకు దారి చూపినవి ఆక్సిజనే వదలని ఊదారంగు బ్యాక్టీరియాలు. వాటి పత్రహరితమైన బ్యాక్టీరియోక్లోరోఫిల్ 800, 850, 890 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో లూయిస్ డైసెన్స్ 800 దగ్గరి కాంతి వేసి చూస్తే, ప్రతిదీప్తి, అంటే అణువులు తిరిగి వదిలే వెలుగు, మాత్రం ప్రధానంగా 890 వర్ణకం నుంచే వచ్చింది. 1952 నాటి ఆయన సిద్ధాంత గ్రంథంలో నన్ను కట్టిపడేసిన ఆధారం ఇదే. చేతులు మారడం కంటికి కనబడదు. చివరికి ఎవరి దగ్గర నుంచి కాస్త వెలుగు కారిందో చూస్తే చాలు, శక్తి ఎక్కడికి చేరిందో తెలిసిపోతుంది. నీరు పల్లమెరిగినట్టు, శక్తి ఎక్కువ స్థాయి నుంచి తక్కువ స్థాయికి దిగుతోంది.

ఇందుకు మధ్యలో కాంతి వెలువడనక్కర్లేదని జర్మనీలో ఫోర్‌స్టర్ 1940లలోనే లెక్కగట్టారు. అణువులు దగ్గరగా ఉంటే చాలు. దూరం రెట్టింపైతే బదిలీ వేగం 64వ వంతుకు పడిపోతుంది. కాబట్టి ఏ అణువు ఎక్కడుందో చూడకుండా ఈ ముడి వీడదు.

ఆ అమరిక 1995లో బయటపడింది. గ్లాస్గోలో రిచర్డ్ కాగ్‌డెల్ బృందం చూపించిన ఎల్‌హెచ్2, అంటే ఊదారంగు బ్యాక్టీరియాల్లో కాంతిని పట్టే నిర్మాణం, ఒక చక్రం. అందులో 27 బ్యాక్టీరియోక్లోరోఫిల్ అణువులు. 18 నిలువుగా, ఒకదాన్నొకటి ఆనుకున్నంత దగ్గరగా ఉన్నాయి; అవి 850వి. మిగతా 9 ఎడమెడంగా పడుకుని ఉన్నాయి, అవి 800వి. అణువు ఒకటే. తేడా అంతా అది ఉన్న చోటులో, దాని ఇరుగుపొరుగులో ఉంది! ఆ 18 మధ్య దూరం ఎంత తక్కువంటే, అక్కడ ఫోర్‌స్టర్ లెక్క కూడా చాలదు. శక్తి ఒకేసారి కొన్ని అణువుల మీద పరుచుకుంటుంది.

800 నుంచి 850కి బదిలీకి పట్టేది సుమారు ఒక పికోసెకను. అన్నిటికన్నా నెమ్మదైన చివరి అడుగు, అంటే ఎల్‌హెచ్1 అనే మరో చక్రం నుంచి దాని మధ్యలో, పట్టిన శక్తిని వాడుకునే చర్యా కేంద్రానికి చేరడం, 35 నుంచి 50 పికోసెకన్లు. పట్టిన శక్తి వృథా కావడానికి దాదాపు వెయ్యి పికోసెకన్లు పడుతుంది. అందుకే అందులో పదింట తొమ్మిది వంతులకు పైగా కేంద్రానికి చేరుతుంది.